డోరతీ గారి మొదటి క్లాసు

షామ్‌బర్గ్, అమెరికా,
శనివారం.

అక్కకు నమస్కారాలు.

నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నీ నడుము నొప్పి తగ్గిందా? అమ్మ, బావగారు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఫోన్ కార్డు నిమిషాల్లో చెప్పలేని సంగతి ఒకటుంది. అందుకే ఈ ఉత్తరం.

మొన్న ఫోన్‌లో ఏడ్చి నిన్ను కంగారు పెట్టాను. కారణం ఇదీ. స్కూల్లో నేను లెక్కలు చెబుతుంటే పిల్లలు నా ఇంగ్లీషును వెక్కిరిస్తున్నారు. గుంటూరులో పన్నెండేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, ఇక్కడ బోర్డు వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఆ మధ్యాహ్నం ఒక్కదాన్నే క్లాసులో కూర్చుంటే, పక్క గదిలో ఇంగ్లీషు చెప్పే డోరతీ గారు వచ్చారు. అరవై దాటిన మనిషి, కవయిత్రి, నాలుగు పుస్తకాలు అచ్చయ్యాయి. ఆవిడకు నత్తి.

నా డబ్బాలో పులిహోర చెరిసగం తిన్నాం. వాళ్ళ నాన్న పాలలారీ నడిపేవాడట. నత్తి పిల్ల కదా అని జాలిపడి బళ్ళో ఎవరూ ఆమెను పైకి చదవమనేవారు కారట. వెక్కిరింతకన్నా ఆ జాలే ఎక్కువ బాధించిందట. పన్నెండో ఏట, చనిపోయిన తమ దూడ మీద నాలుగు లైన్లు రాస్తే, టీచరు చూసి, "రేపు నువ్వే చదువు. ఎంతసేపైనా సరే, వింటాం" అందట. ఆ నాలుగు లైన్లకు పావుగంట పట్టిందట.

"మరి టీచరెలా అయ్యారండీ?" అన్నాను.

"మొదటిరోజే నా పేరు దగ్గర ఆగిపోయాను. క్లాసంతా నవ్వింది. 'ఆగండి, మాట వస్తోంది' అని బోర్డు మీద రాశాను. ఆ... ఆగారు. ముప్పై ఐదేళ్ళుగా ఆగుతూనే ఉన్నారు."

మర్నాడు నేనూ పిల్లలతో చెప్పాను: "నా మాట అర్థం కాకపోతే చెయ్యెత్తండి. మీ మాట అర్థం కాకపోతే నేనూ ఎత్తుతాను." నవ్వారు, కానీ ఆ నవ్వు వేరు. అందరికన్నా ఎక్కువ వెక్కిరించే ఆష్లీయే ముందు చెయ్యెత్తింది. "మిస్, ఆ లాస్ట్ స్టెప్ వన్ మోర్ టైమ్, ప్లీజ్!"

ఇక్కడ చలి తగ్గింది. గోంగూర పచ్చడి అయిపోయింది, ఎవరైనా వస్తుంటే కాస్త పంపు.

అక్కా, వేసవికి వచ్చేస్తానని అమ్మతో అన్నాను. కానీ నిన్న ఇంకో ఏడాదికి కాంట్రాక్టు సంతకం పెట్టేశాను. అమ్మకు నువ్వే మెల్లగా చెప్పు. ముందు కోప్పడుతుంది, నా బదులు కాసిన్ని తిట్లు తిను. తర్వాత, చెల్లికి అక్కడ పని నచ్చిందమ్మా అను. నచ్చింది అక్కా. ఆ ఒక్క మాట రాయడానికి ఇంత ఉత్తరం పట్టింది.

అమ్మ పాదాలకు, బావగారికి నమస్కారాలు. పిల్లలకు ముద్దులు.

మీ దీవెనలు కోరే చెల్లి,
సుజాత