రోజుకు మూడు ధాతువులు

మార్చి 2, శుక్రవారం
నిన్న సాయంత్రం 'మచ్చల పొట్టేలు' పబ్బులో క్విజ్. 'పోస్ట్‌స్క్రిప్ట్'లో పోస్ట్ అంటే ఏమిటన్నారు. ఇరవై తొమ్మిదేళ్లు ఊరంతా ఉత్తరాలు పంచినవాణ్ణి, నన్నా అడగడం! "తపాలా!" అని అరిచాను. లాటిన్‌లో 'తర్వాత' అట. ఉత్తరం ముగిశాక రాసే ముక్క అట. పబ్బంతా గొల్లుమంది.
మా జట్టు కెప్టెన్ ఆంబ్రోస్ మాత్రం నవ్వలేదు. "ఒరేయ్ హొరేస్, ఈ నెలాఖరు క్విజ్‌లో అన్నీ రాతకోతల మాటలేనట. మళ్లీ పరువు తీశావో, నీ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తా."
పదకొండేళ్లుగా నాదే ఆ కుర్చీ!
మాటల పుట్టుక చెప్పే పుస్తకం కొన్నాను. రోజుకు మూడు లాటిన్, గ్రీకు ధాతువులు. ఆంబ్రోస్, కాచుకో!

మార్చి 3, ఉదయం 6.10
స్క్రిబ్: రాయడం. గ్రాఫ్: గీకడం, రాయడం. మాను: చెయ్యి. మాన్యుస్క్రిప్ట్ అంటే చేతిరాతన్నమాట. ఇన్నాళ్లూ మగాళ్ల రాత అనుకున్నాను!
చీటీలు రాసి ఫ్రిజ్‌కి అంటించాను.
"పాలు తీసుకోవాలంటే లాటిన్ దాటాలా?" అంది మా ఆవిడ థెల్మా.

మార్చి 5
లిటెరా: అక్షరం. లెటర్ దాన్నించే వచ్చింది. అంటే ఇన్నేళ్లూ సంచీలో మోసింది లాటినే!

మార్చి 8
ఒక్కటే. వాన. వానకీ లాటిన్‌కీ ఏం సంబంధమని థెల్మా అడిగింది. ఉంది. మోకాళ్లు.

మార్చి 13
సున్నా. బఠాణీలు నాటాలి. రేపు ఆరు.

మార్చి 14
రేపు తొమ్మిది.

మార్చి 21
లెక్కపెట్టడం మానేశాను. తెలివైనవాడు ఊహించుకోగలడు.

మార్చి 28
రేపే క్విజ్! నిద్రపోతే బుర్ర పదునెక్కుతుందట. మధ్యాహ్నం మూడు గంటలసేపు పదునెక్కించాను.

మార్చి 30
నిన్న క్విజ్‌లో 'పెన్సిల్' అనే మాట ఎలా పుట్టిందన్నారు.
"పెన్‌కి పిల్ల!" అని బల్ల గుద్దాను. తప్పు.
వెనక బల్ల దగ్గర స్వెటర్ అల్లుకుంటున్న థెల్మా తలైనా ఎత్తలేదు. "లాటిన్‌లో బుల్లి తోక. కుంచెని అలా అనేవాళ్లు. పెన్ వేరు, అది ఈక."
ఆంబ్రోస్ నోరు తెరిచాడు. "నీకెలా తెలుసమ్మా?"
"ఈయన పుస్తకం మూసేశాక నేను తెరిచాను."
కుర్చీ పోయింది. థెల్మాకే పోయింది. మిగతా ప్రశ్నల్లో ఆమె ఒక్కటీ తప్పు చెప్పలేదు. ఏడవాలో నవ్వాలో తెలీలేదు గానీ, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

ఏప్రిల్ 1, ఉదయం 7.00
"పక్కన ఇంకో కుర్చీ వేస్తా, మీ ఆవిడ సరేనంటే" అన్నాడు ఆంబ్రోస్. మళ్లీ మొదలు! ఈసారి రోజుకు ఐదు!

7.20
"ఒక్కటి చాలు. సాయంత్రం నాకు అప్పజెప్పాలి. ఎగ్గొట్టనని చెప్పు" అంది థెల్మా.
ఇవాళ్టిది: వెర్బమ్. లాటిన్‌లో మాట అని అర్థం.
ఇచ్చాను.