నడిసముద్రంలో కుర్చీ

అమ్మా,
గట్టి నేల మీద కూర్చునే రాస్తున్నాను, ఇక కంగారు పడకు. నేనూ నా స్నేహితురాలూ అరవై మూడు రోజులు తెడ్లు వేసి మహాసముద్రం దాటేశాం. అరచేతులు కాయలు కాశాయి, అంతే. నలభయ్యో రోజున, చుట్టూ ఎటు చూసినా నీళ్ళే ఉన్నచోట, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తేలుతూ ఎదురొచ్చింది. పడవకు కట్టి తెచ్చాం. రేవులో అధికారి, "నడిసముద్రంలోకి కుర్చీ ఎలా వచ్చిందమ్మా?" అన్నాడు. "జనం ఆ మాట అడగాలనేనండీ మేం బయల్దేరింది!" అన్నాను.

మన వరండాలో కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ పారేయకు, నాన్నచేత చెక్క కాలు వేయించు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఎవరేమంటారోనని, నేను ట్రైనింగుకి వెళ్ళానని వీధంతా చెప్పావుగా. అందుకే కవరు మానేసి కార్డు రాశాను. పక్కింటి అత్తయ్యచేత పైకి చదివించుకో.

ఇద్దరికీ దణ్ణాలతో,
నీ మొండిఘటం