మందమర్రి పిల్లగాడి గిటారు

గోదావరిఖని,
18 నవంబరు 2024, సోమవారం.

చిరంజీవి సిద్ధుకు,

మీ బాపు దీవించి రాసేది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ అవ్వ నన్ను పొద్దుమాపు తిట్టేంత క్షేమంగా ఉంది. నేను ఆ తిట్లకు చలించనంత క్షేమంగా ఉన్నాను. నువ్వు వేళకు తింటున్నావని, ఆదిలాబాద్ చలికి ఆ రేకుల గదిలో గడ్డకట్టుకుపోలేదని తలుస్తాను.

ఈ ఉత్తరం నీకు గిటారు సంచి జేబులో దొరికి ఉంటుంది. ముందు గిటారు తీసి అటూ ఇటూ తిప్పి చూసుకొని, ఆ తర్వాతే ఇది విప్పి ఉంటావు. తప్పులేదు, నీ వయసులో నేనైనా అంతే చేసేవాణ్ణి. ఫోన్‌లో చెప్తే పోయేదానికి ఉత్తరమెందుకని నవ్వకు. నా ఫోన్ స్పీకరు పాడైంది. నువ్వు చేసినప్పుడల్లా మీ అవ్వ చేతికి ఇచ్చేది అందుకే. బాగుచేయించాలని ఎండాకాలం నుంచి అనుకుంటున్నాను, కాళ్ళు ఆ దుకాణం వైపు పోవడం లేదు.

నువ్వు మీ అవ్వతో అన్న మాట నాకు చేరింది. పెళ్ళి ప్రోగ్రాం నుంచి తిరిగొస్తుంటే ఇచ్చోడ దగ్గర వ్యాను బోల్తా పడి నీ గిటారు మెడ విరిగిందని, మీ ఆర్కెస్ట్రా ఓనరు ప్రేమ్‌సాగర్ ఇంకో గిటారు తెచ్చుకుంటేనే ఈ సీజన్‌కు రమ్మన్నాడని, లేకుంటే నీ పని కీబోర్డు మీదనే కానిస్తానన్నాడని విన్నాను. మనుషులకు దెబ్బలు తగలలేదు, అది చాలు. కాని చివర నువ్వన్న మాటే నాకు మింగుడు పడలేదు. బాపును అన్‌ఫిట్ పెట్టుకొమ్మను, నేనొచ్చి నౌకరి జేస్త, ఇగ గీ పాటలు నాతోని కావు అన్నావట.

మన కాలనీలో ఏ ఇంట్లో విన్నా ఇదే మాట. తండ్రి పనికిరాడని డాక్టర్లు రాస్తే కొడుకుకు బొగ్గుబాయిలో నౌకరి. తండ్రులు నడుం పట్టుకొని, గుండె పట్టుకొని మెడికల్ బోర్డు ముందుకు పోతారు. అన్‌ఫిట్ అని రాయించుకొని వచ్చి వాడంతా మిఠాయి పంచుతారు. పోయిన వారం మన వెనక క్వార్టరు వాళ్ళు పంచారు. ఆయన మంచం మీద నుంచి లేవలేకపోతున్నాడు, కొడుకు లడ్డూల డబ్బా పట్టుకొని తిరుగుతున్నాడు. నేను తీసుకున్నాను గాని తినబుద్ధి కాలేదు.

నా సంగతి చెప్తాను, రాసుకో. నేను ఫిట్. ఊపిరి బాగుంది, చూపు బాగుంది. చెవులా, నావి పాము చెవులని మీ నాయనమ్మ అనేది. నమ్మకం లేకుంటే నిన్న నేను కరీంనగర్‌లో ఈ గిటారును ఎట్లా ఏరి తెచ్చానో చదువు.

నువ్వు మునుపు చెప్పిన దుకాణం టవర్ వెనక గల్లీలో దొరికింది. శుక్రవారం మూసి ఆదివారం తెరుస్తారు కాబట్టి నా సెలవుకు సరిపోయింది. ఓనరు వాహెద్ భాయ్ పొట్టి మనిషి. తెల్లగడ్డం ఉంది, మీసం మాత్రం నున్నగా తీసేస్తాడు. ఎదురుగా నిలబడి, తొందర లేకుండా మాట్లాడతాడు. నాకు చూడగానే నచ్చాడు. హార్మోనియం పెట్టెలు, డోలక్‌ల మధ్య నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, మన బడ్జెట్‌కు దగ్గరగా ఉన్నవి రెండే రెండు బేస్ గిటార్లు తీశాడు.

మొదటిది ఎర్రది. మొహం చూసుకునేంత మెరుపు. గిది తీస్కపోండ్రి సదానందం సాబ్, పిల్లగాడు ఖుష్ అయితడు అన్నాడు. నువ్వయితే అక్కడే పడిపోయేవాడివి. నేను మెడ, పొట్ట కలిసేచోట వేలితో రుద్ది చూశాను. ఒక దగ్గర రంగు మందంగా ఉంది. నేను పదిహేడేళ్ళ వయసులో నిర్మల్‌లో కొయ్యబొమ్మల ఇంట్లో పని నేర్చుకున్నవాణ్ణి. గుర్రం కాలు విరిగితే చింతగింజల ముద్ద పెట్టి, రంగు పూసి, కొత్తదానిలో కలిపేసేవాళ్ళం. అతుకు ఎక్కడ దాక్కుంటుందో నాకు తెలుసు. అడిగితే వాహెద్ భాయ్ బుకాయించలేదు. అతుకున్నది, అందుకే గంత సస్తల ఇస్తున్న అన్నాడు.

రెండోది గోధుమరంగుది, ఇప్పుడు నీ ముందున్నది. ముందంతా గీతలు, వెనక బెల్టు బకిల్ గీరిన మచ్చలు, తీగలకు తుప్పు. కాని ఒక కన్ను మూసి మెడ వెంట చూస్తే ఎక్కడా వంపు లేదు. బిరడాలు తిప్పితే తిప్పినచోట ఆగుతున్నాయి. నువ్వు చెప్పినట్టే ప్రతి తీగనూ ప్రతి గడి దగ్గరా ఒత్తి మీటాను. ఎర్రదానికి లావు తీగ మీద ఐదో గడి దగ్గర గరగర ఉంది. దీనికి ఎక్కడా లేదు. ఒళ్ళో పెట్టుకొని, పొట్టకు చెయ్యి ఆనించి, పైచెక్కకు చెంప ఆనించి, కళ్ళు మూసుకొని ఎంతసేపు విన్నానో. సౌండు పెద్దగా పెట్టమన్నాను, పెట్టాడు. ఇంకా పెద్దగా అన్నాను. పక్క దుకాణాల వాళ్ళంతా వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. మీ బాపు వాయిస్తే జనం కూడిన మొదటి కచేరీ ఇదే, ఇంట్లో చెప్పుకోవచ్చు.

ఎవరిదని అడిగాను. వాహెద్ భాయ్ చెప్పాడు. మందమర్రి పిల్లగాడిది, మంచిగ వాయిస్తుండె, వాళ్ల బాపు అన్‌ఫిట్ అయిండు, ఈయినె బాయిల జేరిండు, షిఫ్టు జేసొచ్చినంక వేళ్ళు తీగె మీద నిలుస్తలేవన్నడు, అమ్మి పెట్టుమని ఇడిసిపోయిండు అన్నాడు. మళ్ళీ ఎప్పుడైనా వచ్చాడా అంటే, ఒకసారి వచ్చాడట. ఏమీ వాయించలేదట. గిటారు మీద దుమ్ము తుడిచి, చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడట. భుజం పట్టీ ఇంకా అతని ఎత్తుకే ఉంది. నీకన్నా పొట్టివాడు. నువ్వు విప్పి సరిచేసుకో.

ఆ మాట తర్వాత ఎర్రదాన్ని నేను మళ్ళీ ముట్టుకోలేదు. బోనస్‌లోంచి మీ అవ్వ బీరువాకని పక్కకు పెట్టిన డబ్బు నా జేబులో ఉంది. ఆయన మొదట చెప్పిన ధరకు అది చాలదు. బేరం ఎట్లా మొదలుపెట్టాలా అని నేను తడుముకుంటుంటే, ఏమనుకున్నాడో, తనంతట తానే తగ్గించాడు. కొత్త తీగలు వేసి, పాత సంచి కూడా ఇచ్చాడు. బీరువా లేదు కాబట్టి మీ అవ్వ తిట్లు. అవి నీ ఖాతాలో వేసుకో.

సిద్ధూ, నాకు పందొమ్మిదేళ్ళప్పుడు మా బాపు అన్‌ఫిట్ అయ్యాడు. నిర్మల్‌కు మనిషిని పంపారు. ఆ పూట నా ముందు సగం రంగు వేసిన ఏనుగు ఉంది. వీపు మీది జూలు గుడ్డ ఒక పక్కే వేశాను, అంబారీ మిగిలింది. దాన్ని అక్కడే పెట్టి బస్సెక్కాను. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ నోరు తెరవలేదు. ఆ నౌకరి మనకు అన్నం పెట్టింది, నిన్ను చదివించింది. దాన్ని తిట్టను. కాని నీకు మాత్రం ఇవ్వను. వచ్చే దసరా దాటితే రిటైర్మెంటుకు మిగిలే నా సర్వీసు రూలుకన్నా తక్కువలో పడుతుంది. ఆ తర్వాత నేను అన్‌ఫిట్ అయినా కొడుకుకు నౌకరి రాదు. అప్పుడు నీకు ఆ ఆలోచన కూడా ఉండదు. అంతదాకా ఓపిక పట్టు, వాయించు.

ఇక ఇక్కడి కబుర్లు. బాయిలో కప్పు కూలకుండా సపోర్టులు పెట్టే పనిలో నాకు జతగా ఉండే మీ మొగిలి పెద్దబాపుకు వచ్చే నెలాఖరుకు రిటైర్మెంటు. సన్మానానికి శాలువా నేనే తేవాలట. ఆయన పోయిన శ్రావణంలో మీసం తీసేశాడని నీకు చెప్పానో లేదో. పెళ్ళినాటి నుంచి పెంచిన మీసం, దువ్వెన పెట్టి దువ్వేవాడు గుర్తుందా. తల్లో తండ్రో పోతే తప్ప తీయని మీసమాయె. బాయి మీద అందరూ ఎవరు పోయిండ్రని అడగడమే. ఇంట్లో ఎల్లక్క వదిన అయితే అపశకునమని మూడు రోజులు అన్నం కూడా సరిగా పెట్టలేదట. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఇప్పటికీ రోజూ గీక్కుంటూనే ఉన్నాడు.

పట్టీ సరిచేసుకో. గిటారును ఈసారి వ్యాను మీద కట్టనివ్వకు, ఒళ్ళో పెట్టుకొని కూర్చో. ప్రేమ్‌సాగర్‌కు నా నమస్కారం చెప్పు.

నువ్వు ఎక్కడున్నా వాయిస్తూ ఉండాలని కోరే
మీ బాపు,
సదానందం

తా.క. ఉత్తరం మడిచి సంచిలో పెట్టినవాణ్ణి మళ్ళీ తీశాను. గిటారులో ఏ లోపమున్నా వారంలోపు తెస్తే వాపసు తీసుకుంటానని వాహెద్ భాయ్ మాట ఇచ్చాడు. అందుకే ఇది రాయక తప్పడం లేదు. అందగానే నువ్వు దాన్ని ఒకసారి బాగా విను. నేను వినలేదు.

నాకు వినబడదు సిద్ధూ. తక్కువగా కాదు, అసలే వినబడదు. డ్రిల్లు మోత, పేలుళ్ళు, ఏళ్ళ తరబడి. ముందు ఎడమ చెవి పోయింది, పోయిన చలికాలంలో కుడిది కూడా. ఫోన్ బాగానే ఉంది. నాకు కొంచెం చెవుడని మీ అవ్వకు తెలుసు, మిగతాది నా పొగరనుకుంటుంది. అట్లనే అనుకోనీ.

గరగర నా అరచేతికి తెలిసింది. బాయిలో పైకప్పును రాడ్‌తో కొడుతూ రెండో చెయ్యి కప్పుకు ఆనించి చూస్తాం. గట్టిదైతే ఊరుకుంటుంది, బోలుదైతే చేతిలో వణుకుతుంది. గిటారును కూడా అట్లనే చూశాను. మెడ, గడులు, కర్ర వరకు నా మాట నమ్ము. కాని లోపలి వైర్లలో ఏదన్నా గీపెడితే చేతికి తెలియదు. అది నువ్వే వినాలి. పక్క దుకాణాల వాళ్ళు వచ్చింది కచేరీకి కాదు, గల్లీ అదిరిపోతుంటే తిట్టడానికి. వాళ్ళ నోళ్ళు కదలడం చూశాక గాని నాకు తెలియలేదు. వాహెద్ భాయ్‌కి అప్పుడే అర్థమైంది. సౌండు తగ్గించి, నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ధర తగ్గించింది ఆ తర్వాతే.

కూలే ముందు కప్పు చిటచిటమంటుంది. అది విన్నవాడు బతుకుతాడు. నా బదులు మొగిలి వింటున్నాడు. నా టోపీ లైటు ఆయన మొహం మీద వేసుకొని ఉంటాను, ఎనుకకు అని పెదవులు కదిలితే దూకుతాను. శ్రావణంలో ఒకనాడు ఆ గుబురు మీసం కింద నోరు కదిలింది నాకు కనబడలేదు. చెయ్యి పట్టి గుంజాడు. నేను నిలబడ్డ చోట బండ పడింది. మర్నాడు షిఫ్టుకు మీసం లేకుండా వచ్చాడు. ఎందుకు తీశాడో ఇంట్లో కూడా చెప్పలేదు.

బోర్డు ముందుకు పోతే నన్ను అప్పటికప్పుడు అన్‌ఫిట్ రాస్తారు. ఆ వెంటనే మీ అవ్వ ఏడుస్తుంది, మీ మామలు వచ్చి కూర్చుంటారు, నువ్వు సరే అంటావు. నువ్వు మెత్తనివాడివి, నాలాగే. ఇది చదివి కూడా బస్సెక్కుతావని నాకు భయంగా ఉంది. ఎక్కకు. నీ చేతికి పాడు గిటారు వస్తే ప్రేమ్‌సాగర్ నిన్ను పంపించేస్తాడు, నేను ఇన్నాళ్ళు దాచిందంతా వృథా అవుతుంది. చెప్పింది అందుకే, ఇంకెందుకూ కాదు.

మొగిలి దిగిపోయాక నాకు జతగా వేసే పిల్లగాణ్ణి పొద్దున బాయి మీద చూపించారు. మంచివాడిలాగే ఉన్నాడు. దండం పెట్టి, నవ్వి, ఏదో అన్నాడు. ఏమన్నాడో తెలియలేదు. నిండా మీసాలున్నాయి.