తప్పు తేదీకి సున్నా

తప్పు పోగు నేసినవాడికి తప్ప ఇంకెవరికీ కనబడదని మీరు అనేవారు. అది మీ మగ్గం వరకే నిజం. మన మనవరాలు సుధ చేసింది చీర కాదు, తేదీలు లెక్కకట్టే లైబ్రరీ. అంటే ఎవరైనా తమ ప్రోగ్రాంలో తెచ్చిపెట్టుకోగల కోడు. దాన్ని తాను రాసిన ప్రోగ్రామింగ్ భాషలోనే శాశ్వతంగా చేర్చమని ప్రతిపాదన రాసింది. అది బయట ఉంటే చాలదా, రేపు ఎవరు చూసుకుంటారు అని ఆ భాషను నడిపే పెద్దలు రెండేళ్లు పీకి పాకం పెట్టారు. మీవాళ్ల పెళ్లిచూపులే నయం.

నిన్న ఒప్పుకున్నారు. ఈ పొద్దున సుధకు తప్పు దొరికింది. క్యాలెండరులో లేని తేదీ ఇస్తే లైబ్రరీ అభ్యంతరం చెప్పకుండా సున్నా అంటోంది.

"చెప్పినానంటే మళ్లా మొదట్నించీ, అవ్వా. చెప్పకుంటే అందురూ దాన్ని నమ్ముకొని రాసుకుంటారు, ఇంక మార్చేకి కాదు. ఏం చేసేది?"

తిరుత్తణి బడిలో జీవితమంతా లెక్కల తప్పులకు మార్కులు కోసిన నాకు, 'ఊరుకో' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మీ తాతను అడుగు," అన్నాను.

"పటం యాడ మాట్లాడుతుంది, అవ్వా!" అని కసురుకొని, తప్పును నాలుగు వాక్యాల్లో రాసి పంపేసింది. జవాబు రాలేదు. అది గదిలోంచి కదలడం లేదు.

ఈరోజు మీ తిథి. మేడ గోడమీద ఆకులో వడ, పాయసం పెట్టాను. కాకి ముట్టందే ఇంట్లో ఎవరూ తినకూడదు. ఆ పిల్ల పొద్దుటినుంచి కాఫీ మీదే ఉంది. అక్కడ కబుర్లు చాలించి తొందరగా వచ్చి వడ ముట్టిపోండి. ఉప్పు తగ్గిందని వంక పెట్టకండి.