గేటు మీద బోర్డు

డోరీన్ అక్కకు,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. మా ఊరి చివర వాల్టర్ గారి గోధుమ పొలంలో రెండు వందల ఇళ్లు కడతారట. అవి వస్తే వాననీళ్లన్నీ మా వీధిలోకే. అందుకే "ఇళ్లు వద్దు" అని మా గేటుకు బోర్డు కొట్టాను. నిన్న గాలికి అది ఊడిపడితే, నేను బయటికొచ్చేసరికి వాల్టర్ గారే మేకులు కొడుతూ కనిపించారు.

"అయ్యో, అది మీకు వ్యతిరేకంగా పెట్టిందండీ!" అన్నాను.

"తెలుసమ్మా. కింద పడుంటే ఎవరు చదువుతారు? నా మోకాళ్లు అరిగిపోయాయి. దున్నేవాళ్లుంటే చూపించు, పొలం కొంటామన్న కంపెనీవాళ్లను పొమ్మంటాను."

ఎవరిని చూపించను? ఈ సాయంత్రం ఊరి సభలో ఇళ్లు వద్దని మొదట మాట్లాడాల్సింది నేనే. నా కారు చెడిపోయిందని తెలిసి, వాల్టర్ గారే తన బండిలో తీసుకెళ్తానన్నారు. సరేనన్నాను.

అదిగో, బయట హారన్ కొడుతున్నారు.

నీ చెల్లెలు