పిసినారి పదాల అధ్యాయం

మార్చి 3
నిఘంటువులో పిసినారి పదాల అధ్యాయం మొదలైంది. పిసినారి, పీనాసి, లోభి, పిసినిగొట్టు ఎలాగూ ఉంటాయి. వీధుల్లో జనం వాడే మాటలూ కావాలట, ఎక్కడ పుట్టాయో సహా. మంచి పదాల కార్డులు తెచ్చినవాళ్ళ పేరునే అధ్యాయం వేస్తానన్నారు ఎడిటర్ గారు. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నాను. ఒక్క అధ్యాయం మీదా నా పేరు లేదు. ఇప్పుడు పోటీ ఎవరయ్యా అంటే, ఆర్నెల్ల కిందట చేరిన కొత్తమ్మాయి.

మార్చి 4
నా పాత కార్డులు ఒకసారి చూపిస్తారా అని అడిగింది. సొరుగు తాళంచెవి ఇంట్లో మర్చిపోయానన్నాను. చొక్కా లోపల, దారానికి, నా మెడలోనే ఉంది.

మార్చి 9, మధ్యాహ్నం 1.30
క్యాంటీన్‌లో ఆమె చుట్టూ జనం. బైండరు, లిఫ్టు మనిషి, వంటావిడ, అందరూ తలో మాటా అందిస్తున్నారు. నేను వెళ్ళగానే మాటలు ఆగిపోయాయి. దాచడమెందుకు, నాకు కుళ్ళు. ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళలో ఆ వంటావిడ నాకు అడిగితే ఉప్పు ఇచ్చిందంతే.

మార్చి 10
అన్నం తింటూ పళ్ళు కొరుకుతున్నానట. ఈ వయసులో అవి మళ్ళీ రావంది మా ఆవిడ.

మార్చి 12
కొత్తమ్మాయి ఈరోజు తెచ్చిన కార్డు: ‘సొరుగు. పిసినారి మనిషి. వాడుక: వాడొట్టి సొరుగు, లోపలికి పోయిందేదీ బయటికి రాదు.’ పుట్టుక అన్న గడి ఖాళీ. ఎవర్నడిగినా నవ్వి తప్పుకుంటున్నారట. అయినా ఎడిటర్ గారు రెండుసార్లు చదివి భేష్ అన్నారు. నన్నెప్పుడూ ఆ మాట అనలేదు. వీధి చివర సెలూన్‌లో కూడా వాడతారట. నా దగ్గర లేని మాట ఆమె దగ్గర ఎలా ఉంటుంది? పుట్టుక నేనే పట్టుకుంటాను.

మార్చి 15
సెలవు పెట్టి తిరిగాను. సెలూన్ అతనికి బైండరు చెప్పాడట. బైండరుకు వంటావిడ. వంటావిడ తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ, చివరికి రిటైరైన ప్రూఫ్ రీడర్ గారిని అడగమంది. పదిహేనేళ్ళ నాటి మాటట. ఆయన నంబరు నా సొరుగులోనే ఉంది. రేపు ఆఫీసుకు వెళ్ళగానే ఫోన్ చేస్తాను. అధ్యాయం నాదే.

మార్చి 16, ఉదయం 10
ఆ మాట మొదట ఎవర్ని చూసి అన్నారో చెప్పమన్నాను. ఆయన మెల్లగా అడిగారు.

“ఏమోయ్, ఆ తాళంచెవి ఇంకా నీ మెడలోనే ఉందా?”

పుటలు అచ్చుకు వెళ్ళాల్సిన రోజున నా కార్డు ఒకటి అడిగారట. తాళంచెవి ఇంట్లో ఉందన్నానట. కాలరు దగ్గర దారం ఆయనకు కనబడిందట. ఆ కార్డులోని పదం లేకుండానే పుస్తకం అచ్చయింది. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో ఆయన నాకు ఆ పేరు పెట్టారు.

నాకు ఆ కార్డు గుర్తే లేదు. సొరుగు తీసి చూశాను. ఉంది.

మార్చి 17
ఆఫీసుకు వెళ్ళలేదు.

మార్చి 18
‘సొరుగు’కు కార్డు రాశాను. పుట్టుక గడిలో నా పేరు. తాళంచెవితో పాటు కొత్తమ్మాయి బల్ల మీద పెట్టాను.

ఇరవై రెండేళ్ళలో నా వల్ల పుట్టింది ఒకే ఒక్క మాట. అదీ ఆమె పేరునే అచ్చవుతుంది.