బాపు పిలుపు ఏ అక్షరం కింద

2023 జూన్ 4, ఆదివారం

నల్గొండ నుంచి సారు ఫోన్. ఆయన కూర్చే మాటల పుస్తకానికి నేను పోగేసిన గొర్లకాపరుల పదాలు కావాలట. "పాత రకంల పంపు బిడ్డా. నా డబ్బా నీ కొత్త ఫైలు తెరుస్తలేదు." ఆ పాత కంప్యూటర్ డబ్బా మీదే ఎంఏ రోజుల్లో మాకు, మాటలను గడుల్లో దాచే యాక్సెస్ ప్రోగ్రామ్ నేర్పారు. కొత్తది కొనండి సార్ అంటే... "కండ్ల ఆపరేషన్ అయినంక చూద్దాం తియ్. దీని మీటలు నాకు చూడకున్నా తెలుస్తయి."

జూన్ 5

మార్చబోతే యాక్సెస్ కుదరదంది. అటాచ్‌మెంట్ల గడి ఉన్నంతవరకు ఫైలు పాత రూపంలోకి పోదట.

ఆ గడి నిండా బాపు గొంతు. గొర్లు కాసిన మా నాన్నది. మక్తల్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, ఫోన్ ముందు పెట్టి, ఒక్కో మాట పలికించినవి. గొంగడి, దొడ్డి, పొట్టేలు. మధ్యలో దగ్గు. "గిది గూడ రాస్తవా? నీకేం పని లేదా?"

జూన్ 6

గొంతులన్నీ వేరే ఫోల్డర్‌లో దాచాను. ఏదీ పోలేదు. అయినా మళ్ళీ మళ్ళీ విని చూసుకుంటున్నాను.

ఫైలుకు నకలు తీసి, అందులో ఆ గడి తుడిచేశాను. తీసేస్తే తిరిగి రాదు, సరేనా అని అడిగింది. బాపు పోయిన రోజు దవాఖానలో కూడా ఇట్లాగే ఏదో అడిగారు, సరే అన్నాను.

జూన్ 7

పాత రూపం వచ్చింది. చక్కగా తెరుచుకుంది.

గొంతు పోయినా మాటలకు అక్షరాలు మిగిలాయి. ఒక్క వరసలో తప్ప. అక్కడ మాట గడి ఖాళీ. అర్థం గడిలో మాత్రం — మందను వెనక్కి తిప్పే పిలుపు. నాలుకను అంగిట్లో ఆడిస్తూ బాపు తీసే ఆ చప్పుడును ఎట్లా రాయాలి? పక్కన గొంతు ఉంది కదా అన్న ధీమాతో వదిలేశాను.

హ్ర్ర్... ర్రో...

తుడిచేశాను.

జూన్ 8

ఎంఏ చదివేప్పటి సంగతి గుర్తొచ్చింది. యూనివర్సిటీ హాస్టల్. బాపు గేటు దగ్గర నిలబడి, చంకలో జొన్నరొట్టెల మూట. నేను ఏ గదిలో ఉంటానో తెలియదు, అడగడానికి మొహమాటం. గొంతెత్తి అదే పిలుపు. కిటికీలన్నీ తెరుచుకున్నాయి, పిల్లలంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వుకుంటూనే ఉరుకుతూ మెట్లు దిగాను. "సూసినవా, దొరికినవ్" అన్నాడు.

జూన్ 10

అమ్మకు ఫోల్డర్‌లోంచి వినిపించాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో. అర్థం చదివితే మాత్రం ఒప్పుకోలేదు.

"ఎనక్కి తిప్పేది గాదే అది. నేనీడనే ఉన్న అని. గొర్లకు బయం, బుగులు పుట్టకుండ ఊకె అంటుండె."

మరి ఆ చప్పుడుకు మంద తలలెత్తి తిరిగేది కదా... నేను చూశాను కదా. లేక, ఎక్కడున్నాడోనని చూసేవా?

అర్థం గడి కూడా తుడిచాను. తిరిగి రాశాను. మళ్ళీ తుడిచాను.

జూన్ 11

సారుకు ఫోన్‌లో వినిపించాను. "మల్ల పెట్టు." పెట్టాను. "ఏ అక్షరం కింద పెట్టాలె బిడ్డా దీన్ని?" మూడోసారీ పెట్టమన్నారు. తర్వాత — "ఖాళీగనే ఉంచుదాం. పక్కన నీ పేరేస్త. ఎవరన్న అడిగితే నువ్వే చేసి వినిపియ్యాలె."

నాకు రాదు సార్ అన్నాను.

"మంద ఎంబడి తిరిగిన పిల్లవు, రాదంటవేంది?"

ఫైలు ఇంకా పంపలేదు.

జూన్ 13

తెల్లారే మిద్దె మీదికి పోయాను. ఎవరూ లేరు. ఫోన్‌లో ఒకసారి బాపు, తర్వాత నేను. నాలుక తిరగడం లేదు. ఇంకోసారి... కొంచెం, చివర మాత్రం కొంచెం వచ్చింది.

కింది నుంచి అమ్మ — "ఎవలను పిలుస్తున్నవే?"

పిలవడం లేదమ్మా, ఇక్కడే ఉన్నా అనబోయి, దానికి బదులు మళ్ళీ ఆ చప్పుడే చేశాను.